డీపీపీ-4 నిరోధకాల్లో నైట్రైల్ తప్పనిసరా? స్టాక్‌లో కాంపౌండ్ బలం ఎందుకు తగ్గుతుంది?

మీరు అడిగింది ఇదీ: డీపీపీ-4 అనే ఎంజైమ్‌ను అడ్డుకునే మధుమేహం మందుల కోవలో, సయనోపైరోలిడీన్ (నైట్రైల్ తగిలించిన ఐదు పరమాణువుల ఉంగరం) తరహా నిరోధకాలు కొన్ని తయారుచేశారు. నైట్రైల్ (కార్బన్-నత్రజని త్రిబంధం) ఉన్నది నానోమోలార్‌లో, అంటే అతి తక్కువ గాఢతలోనే పనిచేస్తోంది, నైట్రైల్ తీసేస్తే వెయ్యి రెట్ల పెద్ద కొలమానమైన మైక్రోమోలార్‌కి పడిపోతోంది. ఆ మంచి కాంపౌండే వారం తర్వాత అదే డీఎమ్‌ఎస్‌ఓ (ద్రావకం) స్టాక్ నుంచి పరీక్షిస్తే ఐసీ50, అంటే ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే గాఢత, పదింతలు పెరిగింది, అంటే బలం తగ్గింది. అణువు ద్రవ్యరాశి కొలిచే మాస్ స్పెక్‌లో మాత్రం మార్పేమీ లేదు. మరి సిటాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్ మందులు నైట్రైల్ లేకుండా ఎలా పనిచేస్తున్నాయి? అసలు నిర్మాణంలో తప్పనిసరి ఏది?

సూటిగా చెబుతాను. తప్పనిసరివి రెండే: ధనావేశం తెచ్చుకోగల ఒక అమీన్ (నత్రజని సమూహం), ఎంజైమ్‌లో ఎస్1 పాకెట్ అనే గుంతను నింపే చిన్న నీటి విముఖ ముక్క. నైట్రైల్ తప్పనిసరి కాదు. అది బలం పెంచే ఒక దారి మాత్రమే, దానికి చెల్లించే మూల్యం స్థిరత్వం. మీ స్టాక్‌లో జరిగింది కూడా అదే అయి ఉంటుంది: అణువులోని అమీన్ తన నైట్రైల్ మీదే దాడి చేసి ఉంగరంలా మూసుకుపోయింది. అలా మూసుకున్నదాని ద్రవ్యరాశి అసలు కాంపౌండ్‌దే, కాబట్టి మాస్ స్పెక్ మీకేమీ చెప్పదు.

ఇప్పుడు కారణాలు. ముందు ఎంజైమ్ ఏం చూసి కోస్తుందో తెలియాలి, ఎందుకంటే మంచి నిరోధకాలన్నీ ఆ చూపునే మోసం చేస్తాయి. డీపీపీ-4 పెప్టైడ్ ఎన్-చివర నుంచి రెండు అమైనో ఆమ్లాలను కలిపి తీసేస్తుంది. రెండో స్థానంలో ప్రోలీన్ గానీ అలనీన్ గానీ ఉంటే దానికి ఇష్టం. జీఎల్‌పీ-1 అనే హార్మోన్ మొదట్లో హిస్టిడీన్, అలనీన్, గ్లూటమేట్ వరసగా ఉంటాయి. అలనీన్ తర్వాత కోత పడితే మిగిలేది 9–36 ముక్క (ఈ హార్మోన్ లెక్క 7 నుంచి మొదలవుతుంది), ఇన్సులిన్‌ను విడుదల చేయించే పని దానివల్ల కాదు. అందుకే రక్తంలో చురుకైన జీఎల్‌పీ-1 అర్ధాయువు ఒకటి రెండు నిమిషాలే. అలాంటిదే మరో హార్మోన్ జీఐపీకీ ఇదే గతి. మూడో స్థానంలో ప్రోలీన్ ఉంటే మాత్రం ఈ ఎంజైమ్ కోయలేదు. హార్మోన్ వైపు నుంచి ఇదే సమస్యను పరిష్కరించిన తీరు చూస్తే ఎంజైమ్ ఎంత పట్టింపు మనిషో తెలుస్తుంది: సెమాగ్లూటైడ్‌లో ఆ అలనీన్‌కు ఒక్క మిథైల్ అదనంగా చేర్చి అమైనోఐసోబ్యుటిరిక్ ఆమ్లంగా మార్చారు, ఎక్సెండిన్-4లో రెండోది సహజంగానే గ్లైసీన్. ఆ చిన్న తేడాకే కోత దాదాపు ఆగిపోతుంది.

అమీన్ సంగతి. హార్మోన్ ఎన్-చివరి అమీన్‌ను ఎంజైమ్‌లోని గ్లూటమేట్ 205, గ్లూటమేట్ 206 (అంకె అంటే ఎంజైమ్ గొలుసులో ఆ అమైనో ఆమ్లం స్థానం) రెండు వైపులా పట్టుకుంటాయి. టైరోసీన్ 662 మూడో చెయ్యి వేస్తుంది. ఈ పట్టు లేకుండా మిగతా అణువు ఎంత అందంగా ఉన్నా లాభం లేదు. మందుల్లో ఇది రకరకాల వేషాల్లో కనిపిస్తుంది. సిటాగ్లిప్టిన్‌లో బీటా-అమైనో ఆమ్లపు ప్రైమరీ అమీన్, అలోగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్‌లలో 3-అమైనోపైపెరిడీన్, విల్డాగ్లిప్టిన్‌లో సెకండరీ అమీన్, టెనెలిగ్లిప్టిన్‌లో ప్రోలీన్ ఉంగరంలోని అమీన్. దీన్ని ఎసిటైల్ చేస్తే, అంటే అమైడ్‌గా మారిస్తే, బలం దాదాపు పోతుంది. బాక్ (తయారీలో అమీన్‌కు వేసే తాత్కాలిక రక్షణ సమూహం) తీయడం పూర్తికాని బ్యాచ్ 'బలహీనంగా ఉంది' అనిపించే సందర్భాలు ఇక్కడివే. కాబట్టి ఎస్‌ఏఆర్ (నిర్మాణానికీ బలానికీ సంబంధం చూపే) పట్టికలో ఒక అంకె వింతగా కనిపిస్తే నిర్మాణాన్ని అనుమానించే ముందు డీప్రొటెక్షన్ పూర్తయిందా అని ఎన్‌ఎమ్‌ఆర్‌లో బాక్ మిథైల్ శిఖరం చూడండి.

దిశ కూడా ముఖ్యం. సయనోపైరోలిడీన్ తరహాలో రెండు కైరల్ కేంద్రాలూ (కుడి ఎడమ చేతుల్లా ఎస్, ఆర్ అనే రెండు రూపాలుండగల కార్బన్లు) ఎల్-అమైనో ఆమ్లాల ఆకృతిలో, అంటే మామూలుగా ఎస్‌గా ఉండాలి. సిటాగ్లిప్టిన్‌లో కావలసింది ఆర్ రూపం. అక్షరం వేరు కాబట్టి కంగారు పడకండి. అది నామకరణ నియమాల వల్ల, బీటా-అమైనో గొలుసు వల్ల వచ్చిన తేడా. పాకెట్ అడిగేది అమీన్ ఎటు చూస్తోందనే.

ఎస్1 పాకెట్. ఇది ప్రోలీన్ ఉంగరానికి కుట్టిన చొక్కా. టైరోసీన్ 631, వాలిన్ 656, ట్రిప్టోఫాన్ 659, టైరోసీన్ 666, వాలిన్ 711 లాంటివి దాని గోడలు. పైరోలిడీన్, థయాజోలిడీన్ చక్కగా సరిపోతాయి, పైపెరిడీన్ ఇరుకవుతుంది. కానీ ఆ ఉంగరమే ఉండాలని లేదు. సిటాగ్లిప్టిన్ ఇక్కడ 2,4,5-ట్రైఫ్లోరోఫినైల్ పెట్టింది, అలోగ్లిప్టిన్ సయనోబెంజైల్, లినాగ్లిప్టిన్ బ్యుటినైల్. నాలుగు వేర్వేరు ఆకారాలు, ఒకటే పని. సయనోపైరోలిడీన్ నుంచి బయటపడాలనుకునేవారు మొదట చూడాల్సింది ఇదే. మరీ పెద్ద ముక్క పెడితే వేరే చిక్కు వస్తుంది, దాని గురించి కింద చెబుతాను.

ఇక నైట్రైల్. డీపీపీ-4 సెరీన్ ప్రోటియేజ్. సెరీన్ 630, హిస్టిడీన్ 740, ఆస్పార్టేట్ 708 కలిసి పనిచేస్తాయి. మామూలుగా సెరీన్ ఆక్సిజన్ పెప్టైడ్ కార్బొనైల్ మీద దాడి చేస్తుంది. ప్రోలీన్ కార్బొనైల్ ఉండాల్సిన చోట నైట్రైల్ పెడితే సెరీన్ దాని కార్బన్ మీద దాడి చేసి ఇమిడేట్ అనే సమయోజనీయ బంధం ఏర్పరుస్తుంది. నత్రజనిని టైరోసీన్ 547 ఆదుకుంటుంది. వదిలిపోయే సమూహం ఏదీ లేదు కాబట్టి ఎంజైమ్ పని పూర్తి చేయలేక అక్కడే చిక్కుకుపోతుంది. అయితే ఈ బంధం తిరిగి విడిపోతుంది కూడా. శాక్సాగ్లిప్టిన్ 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎంజైమ్‌ను వదలడానికి అర్ధాయువు 50 నిమిషాల ప్రాంతం. శాశ్వతంగా చంపేసే నిరోధకం కాదు, ఆలస్యంగా వదిలే నిరోధకం. వాలిన్-పైరోలిడైడ్ లాంటి నైట్రైల్ లేని పాత కాంపౌండ్లు మైక్రోమోలార్‌లో ఉండిపోవడానికి, మీ జంటలో కనిపించిన తేడాకి కారణం ఈ అదనపు బంధమే.

ఇందులో ఒక ఉచ్చుంది. నిర్మాణంలో నైట్రైల్ కనిపించగానే 'ఇది సమయోజనీయం' అని రాసేస్తారు చాలామంది. అలోగ్లిప్టిన్‌లో నైట్రైల్ ఉంది, కానీ అది బెంజీన్ మీద ఉంది. సెరీన్‌కు అందదు, ఆర్జినీన్ 125 వైపు చూస్తుంది, బంధం ఏర్పడదు. నైట్రైల్ ఉండటం కాదు, ఎక్కడుందన్నది లెక్క.

మీ స్టాక్ ఎందుకు పాడైంది. అమీన్ నత్రజని, ఆల్ఫా కార్బన్, కార్బొనైల్ కార్బన్, ఉంగరపు నత్రజని, దాని పక్క కార్బన్, చివరగా నైట్రైల్ కార్బన్. లెక్కపెడితే ఆరు. అమీన్ నైట్రైల్ మీద వాలితే ఆరు పరమాణువుల ఉంగరం, అంటే వలయ అమిడీన్ వస్తుంది. ఇందుకు అమైడ్ బంధం ఒక వైపుకు తిరిగితే చాలు. అది ఎప్పుడూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. అమీన్ ప్రోటాన్ లేకుండా స్వేచ్ఛగా ఉంటేనే దాడి చేయగలదు కాబట్టి లవణ రూపంలో, ఆమ్ల వాతావరణంలో నెమ్మదిస్తుంది, క్షారంలో పరుగెడుతుంది. తర్వాత నీరు చేరితే ఆ అమిడీన్ డైకీటోపైపెరజీన్‌గా మారుతుంది.

గుర్తించేది ఇలా:

- వలయ అమిడీన్ ద్రవ్యరాశి అసలు కాంపౌండ్‌కు సమానం. తేడా రిటెన్షన్ టైమ్‌లోనే (హెచ్‌పీఎల్‌సీ కాలమ్ నుంచి బయటకొచ్చే సమయం) కనిపిస్తుంది. ద్రావకం త్వరగా మారే నిటారు గ్రేడియంట్‌లో రెండూ కలిసి వస్తాయి కాబట్టి నెమ్మదైన గ్రేడియంట్ వేసి యూవీ శిఖరాన్నీ చూడండి.
- డైకీటోపైపెరజీన్ కేవలం 0.98 డాల్టన్ ఎక్కువ. తక్కువ రిజల్యూషన్ యంత్రంలో దీన్ని కార్బన్-13 ఐసోటోప్ శిఖరమనుకుని వదిలేస్తారు.
- నైట్రైల్ నీటితో అమైడ్‌గా మారితే 18, ఆమ్లం వరకు వెళితే 19 పెరుగుతుంది. ఇవి తేలిగ్గానే దొరుకుతాయి.
- ఘన నమూనాలో ఇన్‌ఫ్రారెడ్ 2240 సెం.మీ⁻¹ ప్రాంతంలో నైట్రైల్ శిఖరం మాయమైతే అనుమానం రూఢి. ఆ శిఖరం సహజంగానే బలహీనం కాబట్టి లేదని మాత్రం తొందరపడకండి. కార్బన్-13 ఎన్‌ఎమ్‌ఆర్‌లో 118 పీపీఎమ్ ప్రాంతపు సంకేతం మరింత నమ్మకమైనది.

ఏం చేయాలి? స్వేచ్ఛా క్షారంగా కాకుండా హైడ్రోక్లోరైడ్ లేదా ట్రైఫ్లోరోఎసిటేట్ లవణంగా పొడిగా, మైనస్ 20 డిగ్రీల వద్ద దాచండి. 10 మిల్లీమోలార్ డీఎమ్‌ఎస్‌ఓ స్టాక్‌ను చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, ఒక్కో ట్యూబును ఒక్కసారే కరిగించి వాడండి. ఏ అంకెనైనా నమ్మే ముందు పరీక్ష బఫర్‌లో, 37 డిగ్రీల వద్ద, 0, 1, 4, 24 గంటలకు హెచ్‌పీఎల్‌సీ వేసి ఎంత మిగిలిందో చూడండి. ఈ సిరీస్‌లో ఇది ఐచ్ఛికం కాదు. ఐసీ50 కొలతకంటే ముందు చేయాల్సిన పని.

నిర్మాణం మార్చి నయం చేసే దారులూ ఉన్నాయి. మొదటిది అమీన్ పక్కన బరువు పెట్టడం. విల్డాగ్లిప్టిన్, శాక్సాగ్లిప్టిన్ రెండిట్లోనూ హైడ్రాక్సీ అడమంటేన్ కనిపించేది ఊరికే కాదు. ఆ గుండ్రటి బండ అమీన్‌ను నైట్రైల్ వైపు తిరగనివ్వదు. విల్డాగ్లిప్టిన్‌లో అది నేరుగా నత్రజని మీద, శాక్సాగ్లిప్టిన్‌లో ఆల్ఫా కార్బన్ మీద ఉంటుంది. రెండోది పైరోలిడీన్‌ను బిగించడం. శాక్సాగ్లిప్టిన్‌లో 4,5 స్థానాల మధ్య సిస్ దిశలో సైక్లోప్రొపేన్ అతికించారు. దీనివల్ల ఉంగరం చదునవుతుంది, మూసుకునే భంగిమకు చేరడం కష్టమవుతుంది, ఎస్1లో పట్టు మాత్రం చెడదు. ట్రాన్స్ దిశలో అతికిస్తే పట్టు సడలుతుంది. పైరోలిడీన్ 4వ స్థానంలో ఫ్లోరిన్ పెట్టడం మూడో దారి, డెనాగ్లిప్టిన్‌లో చేసింది అదే. ఇన్ని చేసినా శాక్సాగ్లిప్టిన్‌కు ఆ గుణం పూర్తిగా పోలేదు. మామూలుగా పొడులు కలిపి నొక్కితే వలయ అమిడీన్ పెరుగుతుంది. అందుకే ఆ మాత్రలో మందును లోపల కలపరు, జడమైన కోర్ మీద ఆమ్ల వాతావరణంలో పూతగా చల్లుతారు. ఒక అణువు స్వభావం మాత్ర తయారీ పద్ధతినే మార్చేసిన ఉదాహరణ ఇది.

నైట్రైల్ బదులు బోరోనిక్ ఆమ్లం పెడితే బాగుంటుందా అని అడగబోతున్నారేమో. బలం అదిరిపోతుంది, చిక్కులు కూడా. తటస్థ పీహెచ్‌లో అదే అమీన్ బోరాన్‌తో మూసుకుంటుంది. పైగా దాని పట్టు ఈ కుటుంబంలోని ఎంజైములన్నిటి మీదా పడుతుంది. నా సలహా: పరిశోధన సాధనంగా సరే, మందు దారిలో వద్దు.

నైట్రైల్ లేనివి బలం ఎక్కడ తెచ్చుకుంటాయి? సెరీన్‌తో బంధం వదులుకున్నందుకు బదులుగా అవి పాకెట్‌లో ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. సిటాగ్లిప్టిన్‌లోని ట్రైఫ్లోరోమిథైల్ ట్రయజోలోపైపెరజీన్ ఎస్1 పక్కనున్న ఎస్2 పాకెట్ దాటి ఉన్న విస్తరణ ప్రాంతంలోకి వెళ్లి ఫినైల్అలనీన్ 357 మీద పేర్చినట్టు కూర్చుంటుంది. ట్రైఫ్లోరోమిథైల్ ఆర్జినీన్ 358, సెరీన్ 209లను తాకుతుంది. ఫలితం 18 నానోమోలార్. అదే ట్రైఫ్లోరోమిథైల్ నోటి ద్వారా శోషణనూ మెరుగుపరిచింది, ఒకే ముక్కకు రెండు పనులు. టెనెలిగ్లిప్టిన్ ఇదే విస్తరణ ప్రాంతాన్ని ఇంకా గట్టిగా వాడుకుంటుంది. దాని ఐదు ఉంగరాలు వంగి పాకెట్‌లో తాళం వేసినట్టు కూర్చుంటాయి. లినాగ్లిప్టిన్ ఎదురు దిక్కుకు వెళ్లింది: శాంథీన్ భాగం టైరోసీన్ 547 మీద, క్వినజోలీన్ భాగం ఎస్2 ప్రైమ్ (కోత చోటుకు అవతలి పక్క) వైపు ట్రిప్టోఫాన్ 629 మీద పేరుకుంటాయి. సమయోజనీయ బంధం ఏమీ లేకుండానే సుమారు 1 నానోమోలార్. కాబట్టి 'నైట్రైల్ లేకపోతే బలం రాదు' అన్నది మీ రెండు కాంపౌండ్ల వరకే నిజం. వాటికి ఎస్1, అమీన్ తప్ప వేరే పట్టు లేదు మరి.

మీరు కొత్తగా మొదలుపెట్టేవారైతే నేను సమయోజనీయం కాని దారినే సిఫారసు చేస్తాను. నిల్వ బాధ తప్పుతుంది, కొలతలు శుభ్రంగా వస్తాయి, ఎంపికా సామర్థ్యం సులువుగా దొరుకుతుంది.

ఎంపికా సామర్థ్యం అంటే ఈ కుటుంబంలోని బంధువులను తాకకుండా ఉండటం: డీపీపీ-8, డీపీపీ-9, ఎఫ్‌ఏపీ, ప్రోలిల్ ఒలిగోపెప్టిడేజ్, డీపీపీ-2. మొదటి రెండూ కణం లోపల ఉంటాయి. 2005లో వెలువడిన పరిశోధనలో డీపీపీ-8/9లను ఎంపికగా అడ్డుకున్న కాంపౌండ్ ఎలుకల్లో వెంట్రుకలు రాలడం, ప్లేట్‌లెట్లు తగ్గడం, ప్లీహం పెరగడం, మరణాల దాకా తీసుకెళ్లింది. కుక్కల్లో జీర్ణాశయ విషప్రభావం కనిపించింది. ఆ విషప్రభావమంతా ఈ రెండు ఎంజైముల వల్లేనా అన్న వాదన తర్వాత కూడా నడిచింది, కానీ ఆనాటి నుంచి ప్రతి సిరీస్‌కూ ఈ పరీక్ష తప్పనిసరి అయింది. డీపీపీ-8/9 అడ్డుకోవడం వల్ల మోనోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) పైరోప్టోసిస్ అనే, వాపు పుట్టించే కణ మరణంతో చనిపోతాయని తర్వాత తేలింది. నిర్మాణపరంగా గుర్తుంచుకోవాల్సింది: ఎస్1 వైపు ఐసోఇండోలీన్ లాంటి పెద్ద ముక్క పెడితే మొగ్గు డీపీపీ-8/9 వైపు జారుతుంది. ఎస్2 విస్తరణ ప్రాంతంలోకి చెయ్యి చాస్తే డీపీపీ-4 వైపు గట్టిపడుతుంది, ఎందుకంటే ఆ ప్రాంతం బంధువుల్లో ఇలా లేదు. సిటాగ్లిప్టిన్ డీపీపీ-8 మీద 48 మైక్రోమోలార్, డీపీపీ-9 మీద 100 మైక్రోమోలార్‌కు పైన. చిన్న సయనోపైరోలిడైడ్‌లకు అంత దూరం రావడం కష్టం.

కొలతలో జరిగే పొరపాట్లు సగం 'నిర్మాణ ప్రభావాలు'గా పేపర్లలోకి ఎక్కేస్తుంటాయి. గ్లైసిల్-ప్రోలిల్-ఏఎమ్‌సీ సబ్‌స్ట్రేట్ (కోత పడితే ఏఎమ్‌సీ విడివడి వెలుగుతుంది), పీహెచ్ 7.5 నుంచి 8 బఫర్, డీఎమ్‌ఎస్‌ఓ 1 శాతం దాటకుండా, 360 నానోమీటర్ల ఉత్తేజం, 460 వద్ద ఉద్గారం. ఇంతవరకు అందరూ చేసేదే. తేడా ప్రీ-ఇంక్యుబేషన్‌లో వస్తుంది. నైట్రైల్ కాంపౌండ్లు నెమ్మదిగా పట్టుకుంటాయి. ఎంజైమ్, నిరోధకం, సబ్‌స్ట్రేట్ ఒకేసారి కలిపితే అవి ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తాయి, సిటాగ్లిప్టిన్ లాంటివి అలా మారవు. అప్పుడు రెండు తరగతుల్ని ఒకే పట్టికలో పోల్చడం అన్యాయం. 0, 10, 30, 60 నిమిషాల ప్రీ-ఇంక్యుబేషన్‌తో నాలుగు సార్లు ఐసీ50 తీయండి. తగ్గుతూ పోతే నెమ్మది బంధం, పెరుగుతూ పోతే కాంపౌండ్ బఫర్‌లో పాడవుతోంది. రెండూ ఒకేసారి జరిగితే గీత మొదట దిగి తర్వాత ఎక్కుతుంది. మీ సిరీస్‌లో అది కనిపించినా నాకు ఆశ్చర్యం లేదు.

రెండో పొరపాటు ఎంజైమ్ మోతాదు. ఎంజైమ్ 2 నానోమోలార్ వేస్తే ఐసీ50 1 నానోమోలార్ కంటే కిందికి రాదు, అణువు ఎంత గొప్పదైనా సరే. పట్టికలో ఐదారు కాంపౌండ్లు ఒకే అంకె దగ్గర ఆగిపోతే అది నేల తగలడమే. ఎంజైమ్ తగ్గించండి, లేదా బలమైన నిరోధకాల కోసం వాడే మారిసన్ సమీకరణంతో కేఐ (నిరోధకం ఎంజైమ్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె) లెక్కించండి.

తిరిగి వదులుతుందో లేదో చూడటానికి పలుచన పరీక్ష: మామూలు మోతాదుకు 100 రెట్లు ఎంజైమ్‌ను, ఐసీ50కి 10 రెట్లు నిరోధకంతో ఒక గంట ఉంచి, సబ్‌స్ట్రేట్ ఉన్న బఫర్‌లో 100 రెట్లు పలుచన చేయండి. వెంటనే 90 శాతం చురుకుదనం వస్తే త్వరగా వదిలే రకం. 10 శాతం లోపే ఉండిపోతే శాశ్వతం. మెల్లగా పైకి వంగుతూ వస్తే నైట్రైల్ తరహా. క్వినజోలీన్, శాంథీన్ లాంటి పెద్ద సుగంధ వలయాలున్నవాటికి అదనంగా ఏఎమ్‌సీ ఒక్కటే వేసిన బావుల్లో కాంపౌండ్ కలిపి చూడండి. అవి కాంతిని మింగేసి నిరోధంలా నటిస్తాయి.

ఇదే వేగపు తేడా ప్లాస్మా నమూనాల్లోనూ మోసం చేస్తుంది. సిటాగ్లిప్టిన్ ఇచ్చిన జంతువు ప్లాస్మాను పరీక్ష కోసం 10 రెట్లు పలుచన చేస్తే కొంత నిరోధకం ఎంజైమ్‌ను వదిలేస్తుంది, కాబట్టి శరీరంలో ఉన్న నిరోధం కంటే తక్కువ చూపిస్తుంది. శాక్సాగ్లిప్టిన్ ప్లాస్మాలో ఆ నష్టం చిన్నది. పలుచన తక్కువగా ఉంచి, చదవడం త్వరగా ముగించండి. చురుకైన జీఎల్‌పీ-1 కొలవాలనుకుంటే రక్తం తీసిన ట్యూబులోనే డీపీపీ-4 నిరోధకం ముందుగా వేసి ఉంచి, వెంటనే మంచు మీద పెట్టాలి. ఉత్త ఈడీటీఏ సరిపోదు. అది లోహం మీద ఆధారపడే ఎంజైములను ఆపుతుందే తప్ప సెరీన్ ప్రోటియేజ్‌ను కాదు.